పట్టికలో లేని మూడో గడి

మొన్న ఒక తెలుగు చానెల్లో స్క్రోలింగ్ వెళ్తోంది: చెన్నై శివార్లలో పునాది తవ్వుతుండగా అస్థిపంజరం, మహిళదిగా గుర్తింపు. తెర మీద కనిపించిందల్లా ఎర్రమట్టి అంటిన నాలుగైదు ఎముకలు, చిరిగిన సిమెంటు గోతం, చుట్టూ సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనం. ఎముకల్ని ఇంకా ఎవరూ కదిలించనే లేదు. సన్నగా ఉన్నాయి కాబట్టి ఆడమనిషివే అయ్యుంటాయని ఎవరో అన్నారు, చానెల్ ఎత్తుకుంది. సాయంత్రం చర్చ వేళకి ఆవిడ "పిల్లల తల్లి" కూడా అయిపోయింది.

చానెల్‌ని తిట్టుకుని ఊరుకోవచ్చు. కానీ అదే పని కాస్త మర్యాదగా మన వైద్య కళాశాలల్లో ఏటా నేర్పిస్తున్నాం. ఎంబీబీఎస్ చదివినవాళ్లెవరినైనా ఆడ, మగ ఎముకల తేడా ఏమిటని అడిగి చూడండి. వాళ్లకి ముందు గుర్తొచ్చేది నోట్సులో నడిమధ్య గీత కొట్టిన పట్టిక. ఎడమ గడిలో మగ, కుడి గడిలో ఆడ. పుర్రె పెద్దది, చిన్నది. కనుబొమల గట్టు ఉబ్బెత్తు, నునుపు. కటి (నడుం కింది ఎముకల గూడు) ఇరుకు, వెడల్పు. వైవాలో పరీక్షకుడు ఎముక చేతికిచ్చి "ఎవరిదయ్యా?" అంటాడు. కుర్రాడు బరువు చూసి రెండు సెకన్లలో "మేల్ సర్" అంటాడు. ఊహించి చెప్పినా సగం అవకాశం తనవైపే ఉంది మరి. "తేల్చలేను సర్" అన్నవాడికి ఎన్ని మార్కులు పడతాయో అందరికీ తెలుసు.

నా అభ్యంతరం ఆ పట్టికతోనే. అందులో "తేల్చలేం" అనే మూడో గడి లేదు. ఉన్న రెండు గడుల్లోనూ కొన్ని అంకెలు మనవాళ్లవి కావు.

ఈ అలవాటు పాతదే. 1759లో ఫ్రాన్సులో మరీ థిరూ దార్కొన్విల్ వేయించిన స్త్రీ అస్థిపంజరం బొమ్మలో పుర్రెను ఉండాల్సినదానికన్నా చిన్నది చేశారు, కటిని వెడల్పు చేశారు. 1796లో జర్మనీలో జొమ్మరింగ్ గీయించిన బొమ్మ నిజానికి దగ్గర. మొత్తం ఒంటితో పోల్చి చూస్తే ఆడవాళ్ల తల చిన్నదేం కాదని అందులో తెలుస్తుంది. అయినా జనానికి మొదటిదే నచ్చింది. 1829లో ఎడిన్‌బరోలో అచ్చయిన జాన్ బార్‌క్లే పుస్తకం ఇంకో అడుగు వేసి మగ అస్థిపంజరం పక్కన గుర్రాన్ని, ఆడ అస్థిపంజరం పక్కన చిన్న తల, వెడల్పాటి కటి ఉన్న నిప్పుకోడిని నిలబెట్టింది. ఆ నిప్పుకోడి మన నోట్సుల్లో ఇంకా తిరుగుతూనే ఉందని నా అనుమానం.

కటి ఎముక దొరికితే

తేడాలే లేవని నేను అనడం లేదు. కటి చెక్కుచెదరకుండా దొరికితే, పెద్దవాళ్లదైతే, చూసే కన్ను అలవాటుపడినదైతే, నూటికి తొంభై పైనే సరిగ్గా చెప్పొచ్చు. కారణం అందరికీ తెలిసిందే, అక్కడినుంచి బిడ్డ బయటికి రావాలి. అంతగా తెలియని సంగతి ఇంకోటుంది. ఆ ఆకారం పుట్టుకతో వచ్చేది కాదు, ఒకసారి వచ్చాక శాశ్వతంగా నిలిచేదీ కాదు. యుక్తవయసు దాకా ఆడపిల్ల కటి, మగపిల్లాడి కటి దాదాపు ఒకే దారిలో పెరుగుతాయి. ఆ తర్వాత విడిపోతాయి. జ్యూరిక్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం స్త్రీల కటి కాన్పుకి అత్యంత అనువుగా ఉండేది 25–30 ఏళ్ల మధ్య. 40 దాటాక మళ్లీ మెల్లగా ఇరుకువైపు మళ్లుతుంది. అంటే పట్టికలోని "ఆడ" గడి నిజానికి ఒక వయసు ఆడమనిషి బొమ్మ.

చూడాల్సిన చోట్లలో మొదటిది ప్యూబిస్, అంటే రెండు తుంటి ఎముకలూ ముందు వైపు కలిసే భాగం. 1969లో ఫెనిస్ అనే అమెరికన్ ఇక్కడ మూడు గుర్తులు చెప్పాడు. ఎముక ముందు తలం మనవైపు, కలిసే అంచు నిలువుగా ఉండేలా పట్టుకోవాలి. ఆ తలం మీద వాలుగా కిందికి దిగి, లోపలివైపు కింది మూలలో చిన్న త్రికోణాన్ని వేరుచేసే సన్నని గట్టు ఉంటే అది వెంట్రల్ ఆర్క్, ఆడవాళ్ల గుర్తు. మగవాళ్లలోనూ ఒక గీత కనబడొచ్చు గానీ అది అంచు పక్కనే నిటారుగా పోతుంది, మూలను కోయదు. తర్వాత ఎముకను వెనక్కి తిప్పి, కలిసే అంచుకు దిగువన కిందికి సాగే కొమ్మలాంటి ఎముక అంచు చూడాలి. లోపలికి వంపు తిరిగితే ఆడ. తిన్నగానో కాస్త బయటికో ఉంటే మగ. మూడోది, ఆ కొమ్మను అంచు మీదనుంచి చూడటం. పదునైన సన్నని గట్టుంటే ఆడ, వెడల్పుగా చదునుగా ఉంటే మగ. మూడూ ఒకే మాట చెప్పకపోతే వాటిని కూడి మూడుతో భాగించకూడదు. వాటిలో స్పష్టంగా ఉన్నదాన్ని నమ్మాలి. మూడోది అన్నిటికన్నా ఎక్కువ తికమక పెడుతుంది.

ఫెనిస్‌కి తన ఎముకల మీద 96 శాతం సరిగ్గా వచ్చింది. పుస్తకాలన్నీ ఆ అంకెనే పట్టుకున్నాయి. తర్వాత ఇతరులు యూరప్‌లోని ఎముకల మీద చేసి చూస్తే కొన్నిచోట్ల బాగా తగ్గింది. ఆ సంగతి చెప్పే పాఠం అరుదు.

ఇక చేతికందే ఎముక సంగతి. ప్యూబిస్ పలుచటి ఎముక, లోపల స్పాంజి. గడ్డపార దెబ్బకి మొదట పోయేది అదే, కుక్కలు మొదట కొరికేదీ దాన్నే. దొరికినా అందులో మట్టి గట్టిగా పట్టి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే మనం గీసిన గీతే వెంట్రల్ ఆర్క్‌లా కనబడుతుంది. వెదురుపుల్ల, మెత్తటి టూత్‌బ్రష్, నీడలో ఆరబెట్టడం, ఇంతే కావాల్సింది. ఎండలో పెడితే పైపొర పగిలి లేస్తుంది. పంతొమ్మిదీ ఇరవై ఏళ్ల అమ్మాయిలో ఆ గట్టు ఇంకా తేలకపోవచ్చు కూడా. గట్టు కనబడలేదు కాబట్టి మగ అని రాస్తే తప్పిపోయిన ఆ పిల్లను ఇక ఎవరూ వెతకరు.

ప్యూబిస్ పోయినా మిగిలేది తుంటి ఎముక వెనకభాగం, అక్కడ సయాటిక్ గాటు అనే పెద్ద నొక్కు. బొటనవేలు పెట్టి చూసే పద్ధతి అందరికీ తెలుసు: వేలు అటూ ఇటూ ఆడితే ఆడ, బిగుసుకుంటే మగ. తవ్వకం దగ్గర నిలబడి చూడ్డానికి పనికొస్తుంది, నివేదికలో రాయడానికి కాదు. వాకర్ అనే అమెరికన్ పరిశోధకుడు దీన్ని 1 నుంచి 5 దాకా అయిదు బొమ్మలుగా విడగొట్టాడు. బాగా వెడల్పయితే 1, బాగా ఇరుకైతే 5. ఆ రెండు కొసలు వస్తే అదృష్టం. నడుమనున్న 2, 3 వచ్చినప్పుడే అసలు పరీక్ష. చిన్న వయసులో చనిపోయినవాళ్లలో గాటు కాస్త వెడల్పు వైపే ఉంటుందని కూడా ఆయన 2005లో చూపించాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడి ఎముక బొటనవేలిని ఎంత తేలిగ్గా మోసం చేయగలదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

త్రికాస్థి, అంటే వెన్నెముక అడుగున రెండు తుంటి ఎముకల మధ్య ఉండే త్రికోణపు ఎముక, దాని గురించి ఒక్క లెక్క చాలు. వెడల్పును వందతో హెచ్చించి పొడవుతో భాగిస్తే వచ్చేది సేక్రల్ ఇండెక్స్. మన పాఠాల్లో మగవాళ్లకి 105, ఆడవాళ్లకి 115 అని ఉంటుంది. వెడల్పు 105 మిల్లీమీటర్లు, పొడవు 95 ఉన్న ఎముక మీ బల్ల మీద ఉందనుకోండి. లెక్క 110.5 వస్తుంది. ఏ గడిలో వేస్తారు?

"పిల్లల తల్లి" అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ప్యూబిస్ వెనక గుంటలు, త్రికాస్థి అతికే చోటు ముందు ఉండే ప్రీఆరిక్యులర్ గాడి కాన్పు గుర్తులని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. కానీ పిల్లలు లేని ఆడవాళ్లలోనూ ఆ గుంటలు కనబడ్డాయి, పలుమార్లు కన్నవాళ్లలో కనబడకుండానూ పోయాయి, మగవాళ్లలో కూడా అక్కడక్కడా తేలాయి. ఎముక చూసి కాన్పుల లెక్క చెప్పేవాళ్లని నమ్మకండి.

పుర్రె దగ్గర తడబాటు

పుర్రె మీద చూసేవి ప్రధానంగా అయిదు: కనుబొమల మధ్య ఉబ్బు, కంటిగుంట పై అంచు, చెవి వెనక మాస్టాయిడ్ బుడిపె, తల వెనక మెడ కండరాలు పట్టుకునే గట్టు, గడ్డం. కంటిగుంట అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూస్తే ఆడవాళ్లది కత్తి అంచులా, మగవాళ్లది పెన్సిలు పట్టుకున్నట్టు గుండ్రంగా తగులుతుంది. మాస్టాయిడ్ విషయంలో పొడవొక్కటే చూసి మోసపోతారు. చూడాల్సింది మొత్తం పరిమాణం.

ఈ గుర్తులన్నిటికీ వయసు అంటుకుని ఉంది. నెలసరి ఆగిన తర్వాతి వయసు ఆడవాళ్ల పుర్రెలు మొరటుదేరి మగ వైపు జరుగుతాయి. ముప్ఫైలోపు మగవాళ్లవి ఆడ వైపు కనిపిస్తాయి. 1972లో కెన్నెత్ వైస్ పాత శ్మశానాల లెక్కలు తిరగేసి, పెద్దవాళ్ల అస్థిపంజరాల్లో దాదాపు 12 శాతం మేర మగ వైపు మొగ్గు ఉందని తేల్చాడు. కారణం సులువే. ఉబ్బెత్తుగా ఉన్నది కంటికి ఆనుతుంది, ఆనగానే చేయి "మగ" అని రాసేస్తుంది. సందేహం వస్తే మగ గడి.

మన దగ్గర మొగ్గు రెండు వైపులా లాగుతుంది. పుర్రె గట్టిగా ఉంటే మగ అంటాం, ఒంటి ఎముకలు సన్నగా ఉంటే ఆడ అంటాం. చెన్నైలో లేచే అపార్టుమెంట్ల దగ్గర శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన ఆడవాళ్లు ఇసుక గమేళా నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కుతుంటారు. పదిహేనేళ్లు ఆ పని చేసినామె మెడ వెనక గట్టు, తొడ ఎముక వెనక గీత, చేతి ఎముకల మీద కండరాల గరుకు ఎలా ఉంటాయి? అదే వీధిలో ఏసీ గదిలో కూర్చుని పనిచేసే సన్నపాటి మగవాడివి ఎలా ఉంటాయి? కండరం పట్టిన గుర్తుకీ మగతనపు గుర్తుకీ తేడా పట్టికలో ఎక్కడా రాయలేదు.

మిల్లీమీటర్లు ఎవరివి?

కొలతలైతే కన్ను మోసం ఉండదు కదా అనేవాళ్లున్నారు. నిజమే, వెర్నియర్ కాలిపర్స్ అబద్ధం చెప్పదు. అబద్ధం ఆడా మగా విడగొట్టే గీతలో ఉంటుంది.

తొడ ఎముక తల వ్యాసం తీసుకుందాం. అమెరికన్ ఎముకల మీద పనిచేసిన స్టూవర్ట్ 1979లో ఇచ్చిన హద్దులు ఇవి: 42.5 మిల్లీమీటర్లకు తక్కువైతే ఆడ, 47.5కు ఎక్కువైతే మగ, 43.5 నుంచి 46.5 దాకా తేల్చలేం, మిగిలిన రెండు సన్నని పట్టీలు "బహుశా". గమనించండి, ఆయన మూడో గడి పెట్టాడు. మన నోట్సుల్లోకి వచ్చేసరికి అది రాలిపోయి "45 కన్నా ఎక్కువ, తక్కువ" అయింది.

ఇప్పుడు ఒంటి పొడుగు తక్కువగా ఉండే జనాభా ఒకటి ఊహించుకుందాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే: మగవాళ్ల సగటు 45, చెదురు (సగటుకి అటూ ఇటూ కొలతలు ఎంత పరుచుకున్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్) 2.5, ఆడవాళ్ల సగటు 40, చెదురు 2. స్టూవర్ట్ గీత 42.5ను ఇక్కడ అలాగే గీస్తే నూటికి 16 మంది మగవాళ్లు "ఆడ" అయిపోతారు. 47.5 దాటి నిస్సందేహంగా మగ అనిపించుకునేది కూడా 16 మందే. కాలిపర్స్‌లో లోపం లేదు, కొలిచిన చేతిలో లోపం లేదు, అయినా ప్రతి ఆరుగురు మగవాళ్లలో ఒకరు తప్పు గడిలో పడ్డారు.

దీనికి మందు మనవాళ్లే ఎప్పుడో చెప్పారు. 1966లో జిత్, సింగ్ అనే ఇద్దరు భారతీయ శాస్త్రవేత్తలు కాలర్ ఎముక మీద పనిచేస్తూ డీమార్కింగ్ పాయింట్ అనే పద్ధతి తెచ్చారు. ఆడవాళ్ల సగటుకి మూడు చెదుర్లు కలిపి, ఆ గీత దాటినవాటినే మగ అనాలి. మగవాళ్ల సగటులోంచి మూడు చెదుర్లు తీసి, ఆ గీతకి దిగువన ఉన్నవాటినే ఆడ అనాలి. పై లెక్కలో పెడితే 46 దాటితే మగ, 37.5 లోపైతే ఆడ. మధ్యలో ఏముంటే దానికి నోరు మూసుకోవాలి. అలా చేస్తే మగవాళ్లలో మూడోవంతుని, ఆడవాళ్లలో నూటికి 11 మందిని మాత్రమే తేల్చగలం. తేల్చినవి మాత్రం దాదాపు తప్పవు. ఈ పాయింట్లు ఒక ప్రాంతంలో కట్టినవి ఇంకో ప్రాంతానికి అరువు తెచ్చుకోకూడదు. అమృత్‌సర్ గీతతో అమలాపురం ఎముకని కొలిస్తే అమెరికాలోని క్లీవ్‌లాండ్ గీతతో కొలిచినట్టే.

పోనీ మన గీతలు మనమే గట్టిగా గీసుకుందామంటే ఎముకలు ఎక్కడివి? మనలో ఎక్కువమంది దహనం చేసేవాళ్లం. మూడోనాడు ఏరుకొచ్చిన అస్థికలు నీళ్లలో కలిసిపోతాయి. కాలేజీలకి చేరేవి చాలావరకు దిక్కులేని శవాలు, అందులో మగవాళ్లే ఎక్కువ. ఆడవాళ్ల ఎముకలు తక్కువైనచోట వాళ్ల సగటు గీత గట్టిగా నిలబడదు. అన్నట్టు, కాలిన ఎముక కుంచించుకుపోతుంది, వంకర తిరుగుతుంది. కాల్చి పారేసిన శవం కేసులో పచ్చి ఎముకల గీత వాడితే ఫలితం ఆడ వైపు జారుతుంది.

మన ఫోరెన్సిక్ పాఠాల్లో ఇంకో అంకెల వరస ఉంది. అందరికీ కంఠతా వచ్చు: మొత్తం అస్థిపంజరం ఉంటే 100 శాతం, కటి ఒక్కటే అయితే 95, పుర్రె అయితే 90 చిల్లర, రెండూ కలిస్తే 98, పొడవు ఎముకలైతే 80. ఇవి అమెరికన్ మానవశాస్త్రవేత్త క్రోగ్‌మన్ అంకెలు, 1962 నాటివి. క్లీవ్‌లాండ్‌లోని హామన్–టాడ్ ఎముకల సేకరణలోని 750 పెద్దవాళ్ల అస్థిపంజరాల మీద ఒక మనిషి చేసిన పని. ఆ సేకరణలో మగవాళ్లే చాలా ఎక్కువ. బల్ల మీద ఉన్నవాటిలో ఎక్కువ భాగం మగవే అని ముందే తెలిసినవాడు ఊరికే "మగ" అన్నా చాలాసార్లు గెలుస్తాడు. క్రోగ్‌మన్ గొప్పవాడు, అందులో అనుమానం లేదు. ఆయన 100 మన కోర్టులో సాక్షి బోను ఎక్కినప్పుడు మాత్రం నాకు గుబులు.

పోలీసులకి ఏం చెప్పాలి

ఇక్కడ ఎదురు వాదన బలమైనదే. అసహజ మరణాల విచారణకి సంబంధించిన పాత సీఆర్‌పీసీ 174, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 194 సెక్షన్ కింద పోలీసుల నుంచి వచ్చే రిక్విజిషన్‌లో ప్రశ్నలు సూటిగా ఉంటాయి. మనిషి ఎముకలేనా? ఎంతమందివి? ఆడా మగా? వయసెంత? పొడుగెంత? చనిపోయి ఎన్నాళ్లు? ఎలా? ఎస్సై దగ్గర తప్పిపోయినవాళ్ల జాబితా ఉంటుంది. ఆడా మగా తేలితే జాబితా సగమవుతుంది. "తేల్చలేం" అని రాసిస్తే ఆ కాగితం ఆయనకెందుకు? "సార్, ఏదో ఒకటి రాయండి, డీఎన్ఏకి ఎలాగూ పంపుతాం" అంటాడు. అతని కష్టం నాకు అర్థమవుతుంది.

కానీ జాబితా సగం చేయడమంటే మిగతా సగాన్ని పక్కన పడేయడం. తప్పు సగం చేతిలో పెట్టుకుని ఎంత వెతికినా మనిషి దొరకడు, అతని ఇంటివాళ్ల నుంచి డీఎన్ఏ నమూనా తీసుకోవాలన్న ఆలోచనే రాదు. అందుకే నివేదికలో ఆ వరస వేరేగా ఉండాలి. ఏ ఎముక చూశాం, అందులో ఏ గుర్తు, ఎంత స్కోరు, ఏ జనాభా గీత వాడాం, ఎంత నమ్మకం. "కుడి తుంటి ఎముక, ప్యూబిస్ విరిగిపోయింది, సయాటిక్ గాటు స్కోరు 2, ఆడ కావడానికి అవకాశం ఎక్కువ, మగను తోసిపుచ్చలేం, రెండు జాబితాలూ చూడవలెను." ఎస్సైకి ఇది అర్థం కాదనుకోవడం ఆయన్ని తక్కువ చేయడమే.

వరసక్రమం కూడా తారుమారవుతూ ఉంటుంది. ముందు మనిషి ఎముకలా కాదా తేలాలి. బిర్యానీ హోటల్ వెనక గుంటలో దొరికే ఎముకలు కొందరినైనా పరుగెత్తించాయి. తర్వాత లెక్క. రెండు ఎడమ తొడ ఎముకలుంటే కనీసం ఇద్దరు. అది చూడకుండా ఒకరి పుర్రెనీ ఇంకొకరి కటినీ కలిపి "పుర్రె మగ, కటి ఆడ, సందిగ్ధం" అని రాస్తే నవ్వులపాలు. ఆ తర్వాత వయసు. తొడ ఎముక తల ఇంకా అతుక్కోకపోతే ఆడా మగా జోలికే పోకూడదు. పదమూడేళ్ల పిల్లాడి ఎముకలు సన్నగా ఉన్నాయని "ఆడ" గడిలో వేసేవాళ్లు ఈ వరస తప్పినవాళ్లే.

చెన్నైలో ఇంకో సంగతి మరువకూడదు. ఇక్కడ తిరునంగై అని పిలుచుకునే ట్రాన్స్ మహిళలున్నారు. యుక్తవయసు దాటాక ఏ హార్మోన్ తీసుకున్నా మగ కటి ఆడ కటిగా మారిపోదు. కటి ఎముక నిక్షేపంగా ఉంటే నివేదిక "మగ" అనే చెబుతుంది, అది తప్పు కూడా కాదు. పోలీసులు మగవాళ్ల జాబితా పట్టుకు తిరుగుతారు. ఆమెను ఎరిగినవాళ్లు మాత్రం ఒక ఆడమనిషి కనబడట్లేదని చెప్పి ఉంటారు. ఎముక ఒంటి గురించి చెప్పగలిగింది చెప్పింది. ఆమె ఏ పేరుతో బతికిందో దానికి తెలియదు. నివేదిక కింద ఆ ఒక్క వాక్యం రాయడానికి ఎంత సిరా పడుతుంది?

డీఎన్ఏ ఉందిగా

ఉంది. ఎముకలో కుళ్లిపోకుండా మిగిలితే అది కటికన్నా గట్టి సాక్షి. సాధారణంగా చూసేది అమెలోజెనిన్ జన్యువు. వాడుకలో ఉన్న పరీక్షలో ఎక్స్ క్రోమోజోమ్ ముక్క పొడవు 106 డీఎన్ఏ అక్షరాలు, వై ముక్క 112. రెండూ కనబడితే మగ, 106 ఒక్కటే కనబడితే ఆడ. ఇక్కడా రెండు గడులే. హైదరాబాద్ సీసీఎంబీలో తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం 2002లో 270 మంది భారతీయ మగవాళ్లని పరీక్షిస్తే అయిదుగురిలో ఆ వై ముక్కే లేదు. నూటికి 1.85. వాళ్లు అన్ని విధాలా మగవాళ్లే, పరీక్ష మాత్రం ఆడ అంటుంది. వై మీది మరో గుర్తుని కూడా తోడు చూడాలన్నది అప్పటినుంచీ ఉన్న జాగ్రత్త. మన జాగ్రత్తని మన హైదరాబాదే చెప్పింది, అది మన ఎంబీబీఎస్ నోట్సులోకి మాత్రం సరిగా రాలేదు.

డీఎన్ఏ, పంటి ఎనామిల్‌లోని ప్రొటీన్ వచ్చాక పాత సమాధుల కథలు కొన్ని తలకిందులయ్యాయి. ఇటలీలోని మోదెనాలో 2009లో చేతులు పట్టుకుని పడుకున్న జంట బయటపడితే "ప్రేమికులు" అన్నారు, ఆడా మగా అనుకున్నారు. 2019లో ఎనామిల్ ఇద్దరూ మగవాళ్లే అంది. స్వీడన్‌లోని బిర్కాలో 1878లో తవ్విన సమాధిలో కత్తి, గొడ్డలి, బాణాలు, రెండు గుర్రాలు దొరికాయి. వీరుడన్నారు. 2017లో డీఎన్ఏ ఆడమనిషి అని తేల్చింది. బిర్కా సంగతి నా వాదానికి కాస్త అడ్డం తిరుగుతుందని ఒప్పుకోవాలి. అక్కడ ఎముకలు చూసినవాళ్లు అంతకు ముందే ఆడమనిషి అని అనుమానించారు. కత్తి చూసినవాళ్లే వినలేదు. ఎముకది తప్పు కాదు అక్కడ.

చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, తమిళనాడులోని ఆదిచ్చనల్లూరు పాత సమాధుల సామాను ముందు నిలబడినప్పుడు ఈ మాట గుర్తుకు తెచ్చుకోవచ్చు. 1899–1905 మధ్య అలెగ్జాండర్ రీ తవ్విన ఆ కుండ సమాధుల్లో ఇనప ఆయుధాలున్నాయి, నుదుటికి కట్టుకునే బంగారు రేకులున్నాయి. కత్తి ఉన్న కుండ మగవాడిది, బంగారం ఉన్న కుండ ఆడదానిది అని మనసు దానంతటదే గీత కొట్టేస్తుంది. కుండలో కుక్కిన ఎముకలు ముక్కలై ఉన్నప్పుడు ఆ గీత ఇంకా ముదురుతుంది.

హాఫ్ సెట్

ఈ గీత ఎలా తరం నుంచి తరానికి చేరుతుందో చూడాలంటే హాస్టల్ గదుల్లోకి వెళ్లాలి. మొదటి సంవత్సరం పిల్లలు సీనియర్ల దగ్గర హాఫ్ సెట్, అంటే చదువుకోడానికి సగం అస్థిపంజరపు ఎముకలు, కొనుక్కుంటారు. పాత కలకత్తా వ్యాపారపు ఎముకలు, 1985లో ఎగుమతి నిషేధం వచ్చేదాకా ప్రపంచమంతా తిరిగిన సరుకులో మిగిలినవి, వాటి తర్వాతివి, అన్నీ కలగలిసి ఉంటాయి. ఒకే సంచీలో కుడి తుంటి ఒకరిది, త్రికాస్థి ఇంకొకరిది. రెంటినీ ఆనించి చూస్తే అతుకు కుదరదు, కానీ ఆనించి చూసేవాళ్లు తక్కువ. పైన వార్నిష్ పూసి ఉంటుంది. మెరుపు బాగుంటుంది, వెంట్రల్ ఆర్క్ దాని కింద మునిగిపోతుంది. తుంటి ఎముక వెడల్పాటి తలం మీద ఎవరో ఎప్పుడో మార్కర్‌తో "ఎఫ్" అని రాసి ఉంటారు. ఎవరు చూసి రాశారో, ఏం చూసి రాశారో ఎవరికీ తెలియదు. పదేళ్లుగా ఆ ఎముక మీద చదువుకున్నవాళ్లందరికీ ఆడవాళ్ల కటి అంటే అదే.

కొన్న రోజునే చేయాల్సిన పని ఒకటుంది. దూదికి కాస్త ఎసిటోన్ తడిపి రుద్దితే మార్కరూ వార్నిషూ రెండూ పోతాయి. కిటికీ తెరిచి చేయాలి, ప్యూబిస్ మీద గట్టిగా నొక్కకూడదు. ఆరాక త్రికాస్థిని ఆనించి అతుకు చూడాలి. తొడ ఎముక తలను, త్రికాస్థి పొడవు వెడల్పులను కొలవాలి, గాటుకి 1 నుంచి 5లో ఒక అంకె వేయాలి, ఫెనిస్ మూడు గుర్తుల్లో ఏది కనబడింది, ఏది విరిగిపోయింది విడివిడిగా రాసుకోవాలి. ఎముక మీద పెన్సిల్‌తో ఒక నంబరు మాత్రం వేసి, ఆ కొలతలన్నీ ఆ నంబరు కింద నోట్‌బుక్కులో ఎక్కించాలి. వచ్చే ఏడాది దాన్ని జూనియర్‌కి అమ్మేటప్పుడు ఆ పేజీ కూడా చింపి ఇవ్వాలి.